నా పాలు ఎటుపోయినయో చెప్త

“బాపమ్మా, మా బాపుకు నీ పాలు సాలలేదట గదా? నాకు గూడ గదే వచ్చిందంటున్నది మా అత్త. పాలు లేకపోవుడు వంశంల వస్తదా?”

ఎవలు జెప్పిండ్రే నీకు? మీ బాపేనా? వాడు పుట్టంగనే సూసిండా ఏంది! వానికి మా అత్త చెప్పింది, వాడు నీకు చెప్పిండు, రేపు నువ్వు ఈ పోరికి చెప్తవు. కూసో ఇట్ల. నా పాలు ఎటుపోయినయో చెప్త.

మీ బాపు పుట్టింది మన దిక్కు జైపూర్ కాడ, మా అవ్వగారింట్ల. గప్పుడు సూడాలె నా పాలు. రైక తడిసి, పైట తడిసి, పండుకున్న బొంత గూడ తడిసేది. కంట్లె నలుసు పడ్డదని పక్కింటోళ్లు నా దగ్గరికే వచ్చి సుక్క పోయించుకునేటోళ్లు.

మూడో నెలల ఖనికి, మీ తాత బొగ్గుబాయి కాడికి తోలిచ్చిండ్రు. క్వార్టరంటె ఇప్పటి లెక్క గాదు బిడ్డా. ఒక్కటే అర్ర, ముంగట ఇంత వంట సాయబాన. మీ తాతకు వారానికో షిఫ్టు మారేది. నైటు షిఫ్టు వారమొచ్చిందంటె పొద్దుగాల బాయి నుంచి వచ్చి, తానం జేసి, తిని, గా అర్రలనే పండుకునేటోడు. మా క్వార్టర్ల లైను మొత్తం గట్లనే. రోట్లె దంచద్దు, రేడియో పెట్టద్దు, పోరగాండ్లు గోలీలాడద్దు. మరి పసిపిల్లగానికి ఎవలు చెప్పాలె?

మీ బాపు కుయ్యిమంటె సాలు, మా అత్త ఉరికొచ్చేది. రొమ్ము అందిస్తె, పట్టుకునేదాక పసోడు జర పెనుగులాడ్తడు గదా, ఏడుస్తడు గదా. గంత సేపు గూడ ఆగకపోయేది. “ఇటు తే, మొగోడు లేస్తడు” అని గుంజుకొని, సీసా నోట్లె పెట్టి లైను కొసకు ఎత్తుకపోయేది. డబ్బపాలు. ధర ఎంతుండెనో... ఏమో, యాదికి లేదు గని, డబ్బ మీది బొమ్మ యాదికున్నది. బుగ్గలు ఉబ్బిన తెల్లపోరడు. “వీన్ని గిట్ల జేస్త సూడు” అనేది.

నాకేమో రొమ్ములు రాళ్లయ్యి ఒకటే సలుపుడు. తానాల తడక ఎనక నిలవడి పిండి మోరిల పోసిన. మోరి తాగింది, నా కొడుకు తాగలే. షిఫ్టు మారినంక రొమ్మిస్తె వాడు సీసకు మరిగి మొకం తిప్పుకునుడు. తాగెటోడు లేకుంటె పాలెందుకొస్తయి? నైటు షిఫ్టు వచ్చినప్పుడల్లా ఇంత తగ్గుకుంట, తగ్గుకుంట, ఆఖరికి ఎండిపోయినయ్.

గప్పుడు మొదలైంది వైద్యం. ఎల్లిగడ్డ కారం తినుమనుడు, మెంతులు మింగుమనుడు. నా నోట్లె ఎల్లిగడ్డ, వాని నోట్లె సీసా. ఇద్దరి నోర్లు మూసిండ్రు.

ఎనక వానికి ఇరేచనాలు పట్టుకుంటె దవాఖానకు ఎత్తుకపోయినం. డాక్టరమ్మ నన్నే అడిగింది, “రొమ్ముపాలు ఇస్తలేవా?” అని. నేను నోరు తెరిచేలోపే మా అత్త, “దీనికి యాడియమ్మా, ఒట్టి రొమ్ములు” అన్నది. గంత మంది ముంగట. గా రోజు పడ్డ పేరు బిడ్డా, మీ బాపుకు మీసాలు నెరిసినా పోలే. కోపమొస్తె ఇప్పటికీ, “నీ పాలు తాగి పెరిగిన్నా నేను?” అంటడు.

మీ తాతనా? ఒక్కసారి అడిగిన. “జరసేపు ఏడ్వనియ్యి, పట్టుకుంటడు” అన్న. “బాయిల నాకు కునుకొస్తె బొగ్గు మీద పడ్తది. గప్పుడు నువ్వు ఏడువు” అన్నడు. గా మాట అబద్ధం గాదు. పక్క లైనుల ఒకామె మొగడు గట్లనే... పోనీ తియ్. ఆయన నిద్రకు లైనంత కావలి ఉన్నది. నా పాలకు ఒక్కలు లేరు.

నీకు వంశంల వచ్చింది లేదు, ఏం లేదు. మీ నస్పూరు క్వార్టర్ల ఇప్పుడు రెండర్రలైతె ఉన్నయి, ఏం లాభం? నీ మొగడు నైటు జేసొచ్చి లోపల పండుకున్నడు. మీ అత్త బజారుకు పోతు పోతు సీసా కడిగి పెట్టిపోయింది. సూసిన నేను.

అగో, లేసింది. ఆ సీసా ముట్టకు. పిల్లను ఎత్తుకో, గోడకు ఒరుగు. పెనుగులాడ్తది, ఏడ్వనియ్యి. నీ మొగడు లేస్తడా? లేవనియ్యి. నేనున్న, జవాబు చెప్త. నీ బిడ్డ నీ రొమ్మే తాగి, పళ్లొచ్చి, నిన్నే కొరకాలె. గదే నా దీవెన. ఆఁ, గట్ల... పట్టుకుంటది తియ్, జర ఆగు...