దున్నని నేల మీద కుర్చీలు

సభకు వచ్చిన పెద్దలకూ, అన్నలకూ, అక్కలకూ, తమ్ముళ్లకూ నమస్కారం. పనులు మానుకుని ఇంతమంది వచ్చారు. చాలా దూరం నుంచి వచ్చినవాళ్లున్నారు. ఆయన బతికి ఉండగా పక్క పొలం నుంచి కూడా ఈ గట్టు దాటి రానివాళ్లున్నారు. అందరికీ నమస్కారం. మన రైతుసంఘం ఒక పెద్దదిక్కును కోల్పోయిందని ఇందాక అధ్యక్షుల వారు అన్నారు. సంఘం సంగతి నాకు తెలియదు. నేను మాత్రం అన్నను పోగొట్టుకున్నాను. తోడబుట్టిన అన్న కాదు, కంచె అవతలి అన్న.

నేనెవరో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అదిగో, ఆ వాలు మీద గొర్రెలు మేపుకునేది నేనే. గొర్రెల్ని అదిలించీ అదిలించీ గొంతు ఇలా తయారైంది. మాట కాస్త గట్టిగా వస్తే కోపమనుకోకండి. కోపం కూడా ఉంది. దాని దగ్గరికి వస్తాను, తొందర లేదు.

నా ముందు మాట్లాడినవాళ్లు ఆయన్ని నెమ్మదస్తుడన్నారు, మితభాషి అన్నారు. ఎవరి గురించి చెబుతున్నారా అని నేను అటూ ఇటూ చూశాను. అయ్యా, ఆయన మొండిఘటం. పట్టిన పట్టు వదిలేవాడు కాదు. నా గొర్రె ఒకటి కంచె దూరి ఆయన నారుమడి తొక్కితే, మళ్లీ వానలు పడేదాకా నాతో మాట్లాడలేదు. నేను కంచె ఇవతల నిలబడి ఉండగానే, అవతల వదినతో అనేవాడు: "నీ ఆడపడుచుకి చెప్పు, ఆ గొర్రెకి కళ్లజోడు కొనిపెట్టమని." అదీ ఆయన నెమ్మది.

మీరంతా ఆయనకు పెట్టిన పేరేమిటి? ఇవాళ ఆ బ్యానర్ మీద రాసిన పేరు కాదు. 'ఆదర్శ రైతు' అని ఇప్పుడు రాశారు. అప్పుడు ఏమనేవాళ్లు? చెత్తాయన. అవునా, కాదా? తలలు దించుకోనక్కర్లేదు, ఆయనకు ఆ పేరంటే కోపం ఉండేది కాదు.

ఆ పేరు ఎందుకొచ్చిందో మీకూ తెలుసు. పంట కోతలయ్యాక మీరంతా పొలాల్లో మిగిలిన ఎండుగడ్డికి నిప్పు పెట్టేవాళ్లు. ఈయన బండి కట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగేవాడు. "అయ్యా, కాల్చకండి, నాకివ్వండి" అని అడిగి తెచ్చుకునేవాడు. తెచ్చి ఏం చేసేవాడు? నేల మీద పరిచేవాడు. దున్నడం మానేశాడు. గడ్డి తప్పించి గింజ పెట్టడం, మళ్లీ గడ్డి కప్పడం, అంతే. మొదటేడు మొక్కజొన్న మోకాలు దాటలేదు. విత్తనాల కొట్టాయన దుకాణం ముందు కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెప్పి నవ్వించేవాడు. రెండో ఏడూ అంతే. వదిన పుట్టింటివాళ్లు వచ్చి బతిమాలారు. అయినా ఆయన నాగలి ముట్టలేదు. "నేల ఒళ్లు కోసి కోసి కుట్టకుండా వదిలేశాం. కొన్నాళ్లు దుప్పటి కప్పుకుని పడుకోనివ్వండి" అన్నాడు.

అప్పటి నుంచి ఆయనకొక పిచ్చి పట్టుకుంది. ఈ పొలంలోకి ఎవరొచ్చినా చెప్పులు గట్టు మీద విడవాలి. మళ్ల మధ్య వేసిన సన్నటి దారి మీదే నడవాలి. మడిలో అడుగు పడకూడదు. పడిందా, ఆయన మాట ఒకటే: "చూసుకుని నడువు. కింద కాపురాలున్నాయి." వానపాములు, పురుగులు, వేళ్లు, మన కంటికి ఆననివి ఎన్నో. వాటన్నిటివీ కాపురాలే ఆయన లెక్కలో. ఒకసారి పెద్ద అధికారి ఒకరు ఫొటో కోసం మడిలోకి దిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఈయన వెళ్లి ఆ అధికారి మోచెయ్యి పట్టుకుని, పెళ్లికొడుకుని నడిపించినట్టు దారి మీదికి నడిపించాడు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. అందులో అధికారి ఉన్నాడు, మన అధ్యక్షుల వారు ఉన్నారు, అన్న లేడు.

అన్నలారా, ఆ పెద్ద వాన గుర్తుందా? తెల్లారి చూస్తే మీ పొలాల్లోని మన్ను రోడ్డు మీద ఉంది. ఎర్రటి నీళ్లు కాలవలై పారుతున్నాయి. ఈ పొలం అంచున మాత్రం తేటనీళ్లు, అవీ కొద్దిగా. మిగతాదంతా నేల తాగేసింది. ఆ రోజు మీలో చాలామంది మొదటిసారి ఈ గట్టు ఎక్కారు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నాళ్లకి నేర్చుకోవడానికి వచ్చారనుకున్నాను. మీరు అడిగింది ఏమిటి? "ఏం మందు వేశావు?" ఆయన చెప్పాడు: "ఏమీ వెయ్యలేదు. నేలని కెలకడం మానేశాను." నమ్మారా? నమ్మలేదు. దాస్తున్నాడన్నారు. ఇద్దరు ముగ్గురైతే పాకలో దూరి సీసాల కోసం వెతికారు. దొరికింది నా గొర్రెల ఎరువు.

నమ్మినవాళ్లూ ఉన్నారు, చెప్పాలి. ఏటిపక్క పాడి చేసుకునే ఆ దంపతులు నమ్మారు. తోట అక్కచెల్లెళ్లు నమ్మారు. నేను నమ్మాను. నా వాలు అప్పుడు బోడిగుండు. గొర్రెల్ని ఒక్కచోటే వదిలి, గడ్డి లేదని ఏడ్చేదాన్ని. రోజూ కంచె జరపమన్నాడు, తిన్న చోటికి మళ్లీ తొందరగా రానివ్వొద్దన్నాడు, కోతలయ్యాక మందని తన పొలంలో తిప్పమన్నాడు. తిప్పితే దానికీ వంకే. "నీ గొర్రెలు కదలకుండా ఒక్కచోటే కూర్చుంటున్నాయి, వేదిక మీద పెద్దల్లాగ" అనేవాడు. ఇవాళ నా వాలు మీద ఎండాకాలంలోనూ గడ్డి ఉంది. పాడివాళ్లు దాణా కొనడం మానేశారు. తోట అక్కచెల్లెళ్ల పళ్ల కోసం జనం ఇంటిదాకా వస్తున్నారు. మేమంతా హాయిగా బతుకుతున్నాం, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా. ఇది ఆయన పెట్టిన భిక్ష అని ఈ మైకులో చెప్పడానికే వచ్చాను.

మరి మిగతావాళ్లు? మిగతావాళ్లు ఆయన్ని ఆకాశానికెత్తారు. ఎత్తడం తేలిక కదా, చెయ్యడంతో పోలిస్తే. బోర్డు పెట్టారు. సంచుల మీద ఆయన బొమ్మ వేశారు, లోపల ఎవరి పొలం గింజలున్నాయో అడక్కండి. బస్సులు వేసుకుని చూడ్డానికి జనాన్ని తెచ్చారు. జ్ఞాపికలిచ్చారు. వదిన ఆ జ్ఞాపికల్ని నారుమడి మీద కప్పిన వల ఎగరకుండా నాలుగు మూలలా బరువుగా పెట్టింది. వాటివల్ల పొలానికి జరిగిన మేలు అదొక్కటే. ఆయన ఆస్పత్రిలో ఊపిరాడక మంచం మీద ఉన్నప్పుడు కూడా ఒక బస్సు వచ్చింది. ఇక్కడ తాళం ఉంది. వచ్చినవాళ్లని ఊరికే పంపడం ఇష్టంలేక మనవాళ్లు విత్తనాల కొట్టాయన పొలం చూపించారు, ఇదే అన్న పొలమని. వాళ్లు ఫొటోలు కూడా తీసుకుని వెళ్లారు. ఆస్పత్రిలో ఈ సంగతి చెబితే, అన్న గొట్టాల మధ్య నుంచే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక అసలు మాటకొస్తాను.

అయ్యా, మీరు కూర్చున్నది ఎక్కడ? ఈ టెంటు వేసింది ఎక్కడ? ఈ కుర్చీల కాళ్లు దిగబడింది దేంట్లో? ఇది ఆయన మొదటి మడి. మొట్టమొదట నాగలి ఆపిన చోటు. ఇరవై ఏళ్లకు పైగా ఇనుప ముక్క తగలనివ్వని నేల. మొన్నటిదాకా ఇక్కడ చెయ్యి పెడితే మణికట్టుదాకా దిగేది. ఆస్పత్రి కాగితాల పని మీద నేను వదినని పట్నం తీసుకెళ్లాను. తిరిగి వస్తుంటే మలుపులోంచే పొగ కనిపించింది. అగ్నిప్రమాదమనుకుని వదిన చెప్పులు వదిలేసి పరుగెత్తింది. చూస్తే మనవాళ్లే. గడ్డంతా గీకి ఆ మూల పోసి కాల్చారు. మసి ఇంకా అలాగే ఉంది చూడండి. ట్రాక్టరుతో దున్ని, చదును చేసి, పైన రోలరు తిప్పారు. మన అధ్యక్షుల వారు చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చి అన్నారు: "చూడమ్మా, సభ కోసం అద్దంలా చేయించాం."

మీరు చెడు తలపుతో చెయ్యలేదు. అది నాకు తెలుసు. కక్ష ఉంటే తిట్టి పోసేదాన్ని, నా మనసు తేలికయ్యేది. మీరు ప్రేమతో చేశారు. గౌరవంతో చేశారు. నా కడుపు మండేది అందుకే. ఇన్నేళ్లు ఆయన చెప్పింది ఒక్క చెవిలోనైనా దూరి ఉంటే, ఆయన్ని తలుచుకోవడానికి ఆయన ప్రాణాన్ని గీకి పారేస్తారా? రోడ్డు అవతల ఖాళీ స్థలం లేదా? బడి ఆవరణ లేదా? శత్రువైనా ఈ మడి జోలికి వచ్చేవాడు కాదు. ఈ పని ఆయన అభిమానులే చెయ్యగలరు.

వదిన ఉదయం నుంచి గట్టు మీదే నిలబడి ఉంది. మీరు కుర్చీ చూపించారు, రాలేదు. నీళ్లిచ్చారు, తీసుకోలేదు. పాపం, దుఃఖంలో ఉందని మీలో మీరు అనుకున్నారు. దుఃఖమే. కానీ ఆమె ఇటు రానిది ఆయన పోయినందుకు కాదు. ఈ నేల మీద అడుగు పెట్టలేక. ఆమె కాళ్లకు చెప్పులు కూడా లేవు, చూశారా?

ఇందాక అధ్యక్షుల వారు ఒక ప్రకటన చేశారు. ఈ మడిలోనే ఆయన పేరిట స్మారక భవనం కడతారట. సిమెంటు నేల, ముందు విగ్రహం. చప్పట్లు కొట్టారు మీరంతా. అధ్యక్షుల వారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. పొలం వదినది. ఆమె ఇక్కడ పండిస్తుంది, మేం పక్కన ఉంటాం. ఈ మడి మళ్లీ మెత్తబడడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలియదు. చెప్పగలిగిన మనిషి పోయాడు. మీరు విగ్రహం పెట్టకపోయినా ఆయన్ని ఎవరూ మరిచిపోరు. సిమెంటు పోస్తే మాత్రం ఆయన ఇక్కడ పండించాడని ఎవరూ నమ్మరు. నిజంగా ఏదైనా చెయ్యాలని ఉంటే, ఈ ఏడు కోతలయ్యాక అగ్గిపెట్టె ఇంట్లో వదిలి రండి. బండి తిరుగుతుంది. నేనే తోలుకొస్తాను. మీ గడ్డి నాకివ్వండి. చెత్తమ్మ అని పిలుచుకోండి, పలుకుతాను.

చెప్పాల్సింది అయిపోయింది. ఇప్పుడు మౌనం పాటించాలి. అందరూ దయచేసి లేవండి. కానీ ఇక్కడ నిలబడొద్దు. కుర్చీలు ఎక్కడివక్కడ వదిలేయండి, వాటిని తర్వాత మేం ఒక్కొక్కటీ ఎత్తుకుంటాం, ఈడ్చకుండా. చెప్పులు విప్పి చేత్తో పట్టుకోండి. అధ్యక్షుల వారూ, మీరు ముందు. ఒకరి వెనక ఒకరు గట్టు మీదికి రండి. అక్కడ వదిన పక్కన నిలబడి మౌనంగా ఉందాం. ఎంతసేపన్నది ఎవరూ గడియారం చూసి చెప్పొద్దు. ఆమె కదిలినప్పుడు కదులుదాం.

మైకు ఆపేస్తున్నాను. చూసుకుని నడవండి. కింద ఇంకా ఏవైనా కాపురాలు మిగిలి ఉన్నాయేమో.