విమానం ఆదిమూలం

రేణిగుంట ఎయిర్‌పోర్టులో ఓ మూల షెడ్డు. నాలుగు సీట్ల విమానానికి అడ్డంగా నిలబడినాడు పూతలపట్టు మెకానిక్ ఆదిమూలం. ఎదురుగా తాళంచెవి పట్టుకుని విమానం సొంతదారు, చిత్తూరు మామిడిగుజ్జు ఫ్యాక్టరీ దేవరాజులు.

"విమానం పోతా ఉండాదని నాకు ఎవురు సెప్పాలన్నా? బయట బండ్లు నిలిపే కాడ చీటీలు సింపేవాడు సెప్పాల్నా?"

"మెల్లగా మాట్లాడు ఆదిమూలం."

"మెల్లగానే అడగతా ఉండా. 'ఏమప్పా, నీ విమానం మైసూరుకు పోతా ఉండాదంట గదా, ఇంక ఆడనే ఉంటాదంట గదా' అన్నాడు వాడు. నా విమానమంట! వానికి తెలుసు, నాకు తెలీదు."

"చెప్దామనే అనుకున్నా."

"ఎప్పుడు? గాల్లోకి లేసినాక పైనుంచి సెయ్యి ఊపి సెప్తావా?"

"ఫోన్ చేసినా. నువ్వు ఎత్తలే."

"ఎప్పుడు సేసినావు? తియ్యి. ఫోను తియ్యి, సూపించు."

"ఇప్పుడు ఫోన్లు తీసి చూసుకునే టైమా ఇది?"

"సేసింటే గదా సూపించేది."

"సరే, చెయ్యలే. తప్పు నాదే. చాల్నా? తప్పుకో, విమానం బయటికి తొయ్యాల."

"తోసేది నేను. పద్నాలుగేండ్లుగా దీన్ని బయటికి తోసేది నేను, లోపలికి తోసేది నేను. లోపల కూసోనుండే ఆ నల్లద్దాలాయప్ప ఎవురు?"

"బాలచంద్ర. మైసూరు నుంచి వచ్చినాడు. ఆడ దీన్ని చూసుకునే కంపెనీ పైలట్. నాతో కూడా వస్తాడు."

"సూసుకునే కంపెనీ! ఓహో. యో అద్దాలాయప్పా! దిగేటప్పుడు రెక్క మింద యాడబడితే ఆడ కాలు పెట్టాకు! నల్లపట్టీ ఉండాది గదా, దాని మింద పెట్టు!"

"సారీ అండీ, చూసుకోలేదు. సార్, టవర్ వాళ్ళు అడుగుతున్నారు, ఎంతసేపట్లో బయల్దేరతామని."

"ఇరవై నిమిషాలని చెప్పు బాలచంద్రా."

"సూసినావా అన్నా? పైలటంట. రేకు మింద బూటు కాలు పెడతాడు. ఇట్లాంటోని సేతికి ఇస్తావా దీన్ని?"

"ఆదిమూలం, నీ మీద నాకు కోపం ఏమీ లే."

"నీకు కోపం ఎందుకుంటాది? కోపం నాది. నేను అడిగేది ఒకటే. ఎందుకు? ఎందుకు తీసకపోతా ఉండావు? అది సెప్పు, పక్కకు జరుగుతా."

"నందిని మైసూరులో ఇల్లు తీసుకునింది. కూతురి దగ్గరికి పోతా వస్తా ఉండాల గదా."

"నందినమ్మ ఉండేది వేలూర్లో. పోయిన నెల్లో మామిడికాయల బుట్ట ఇచ్చి వచ్చింది నేనే."

"మైసూర్లో తీసుకుంటుంది."

"తీసుకునిందా, తీసుకుంటాదా?"

"తీసుకోవాలనుకుంటా ఉండాది."

"థూ! అబద్ధం సెప్పేదన్నా సరిగ్గా సెప్పన్నా. ఇంత పెద్ద ఫ్యాక్టరీ నడిపించినావు!"

"నోరు అదుపులో పెట్టుకో. అదొక్కటే కాదు. ఈడ కొండ ఉండాది. కొండ మీద పోకూడదు, ఎప్పుడు పోవాలన్నా చుట్టుకోని పోవాల."

"కొండ నిన్న మొలిసిందా? పద్నాలుగేండ్లుగా సుట్టుకోనే గదా పోతా ఉండావు. సామి పక్కనుంచి పోతే మంచిదేలేరా అన్నావు నువ్వే."

"పెద్దపెద్దోళ్ళు దర్శనానికి వచ్చినప్పుడంతా మన విమానాన్ని కదలనీరు. ఒక్కోసారి పొద్దంతా."

"కదిలించమంటే తోసింది నేను, కదలద్దంటే దాని కాడ కాపలా ఉన్నింది నేను. నీకు ఏసీ రూములో కాఫీ ఇస్తా ఉండ్రి. ఎండలో దాని పక్కన కూసోనుండింది ఎవురు? ఆదిమూలం."

"వానాకాలం తుపాన్లు."

"తుపానా? యా నోటితో అంటా ఉండావన్నా ఆ మాట? ఆ పెద్ద వాన పొద్దు షెడ్డు రేకులు ఎగిరిపోతే, రెక్కకు తాడు కట్టి, ఆ తాడు నా నడుముకు సుట్టుకోని నిలబడినా. నువ్వు చిత్తూర్నుంచి ఫోను సేసి 'ఎట్లుండాదిరా' అన్నావు. దాన్ని అడిగినావు. నన్ను అడగలే. నేనేమన్నా? 'బాగుండాదన్నా' అన్నా. నాకు అయిదు పొద్దులు జరం."

"నాకు గుర్తుండాది."

"గుర్తుంటే మైసూరు అంటావా? ఆడ వాన పడదా? ఆడ ఎవురు తాడు కట్టుకుంటారు, ఈ అద్దాలాయప్పా?"

"ఆడ లైసెన్సు ఉండేవాళ్ళు ఉండారు. రూల్సు ఇప్పుడు గట్టిగా ఉండాయి. లైసెన్సు లేకుండా ఎవురూ ఇంజన్ మీద చెయ్యి వెయ్యకూడదు."

"అట్ల రా దారికి! ఏడో తరగతిలో బడి మానుకున్నోడు. అదే గదా నీ నోట్లో తిరగతా ఉండేది? కక్కు!"

"నేను అనలే."

"రూలు మొదట్నుంచీ ఉండాది. లైసెన్సు ఉండే ఇంజనీరు ఏడాదికోసారి వస్తా ఉన్నాడు గదా? వచ్చి ఏం సేసినాడు? కుర్చీ ఏసుకోని కూసోని, 'ఏం ఆదిమూలం, ఎట్లుండాది?' అనేవాడు. నేను బాగుండాదంటే సంతకం పెట్టేవాడు. నేను బాలేదంటే బాగు సెయ్యమని నాకే సెప్పి, నేను సేసినాక సంతకం పెట్టేవాడు. బుక్కు నిండా వాని పేరే. నా పేరు యాడుండాది? ఒక్క కాయితంలో సూపించన్నా!"

"లేదు. నిజమే."

"నువ్వు సంతకం సూసి ఎక్కినావా ఎప్పుడన్నా? నా మొగం సూసి ఎక్కినావు. ముందర గుమ్మడికాయ కొట్టింది నేను, టైరు కింద నిమ్మకాయ పెట్టింది నేను. ఆయుధపూజ పొద్దు ఆఫీసరు కేకలేస్తే, రన్‌వే పక్కన ఒక్కొక్క గుమ్మడి ఇత్తనం మోకాళ్ళ మింద ఏరింది నేను. నువ్వేమో కార్లో కూసోని నవ్వతా ఉన్నావు."

"నువ్వూ నవ్వినావు లే."

"నవ్వినా. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రాలే."

"సార్, పది నిమిషాలు ఆలస్యమని చెప్పమంటారా?"

"చెప్పు బాలచంద్రా. ఆదిమూలం, ఇట్ల విను. ఫ్యాక్టరీకి వచ్చెయ్యి. మోటర్లు, బాయిలరు, అంతా నీ చేతికే ఇస్తా. నీడ పట్టున ఉంటావు."

"గుజ్జు తీసే మిషను తుడస్తా కూసోమంటావా?"

"తక్కువ పనా అది? నేను ఆడనే గదా పుట్టింది, ఆడనే గదా పెరిగింది?"

"నీకు తక్కువ కాదప్పా, సొంతదారువి! నాకు తక్కువే. పూతలపట్టు కూడలిలో బస్సు దిగి 'ఆదిమూలం ఇల్లు యాడ' అని అడుగు. ఏ ఆదిమూలమంటారు. 'విమానం ఆదిమూలం' అని అడుగు. సెయ్యి పట్టుకోని తీసకొచ్చి వాకిట్లో దింపుతారు. మా నాయన పేరుతో నన్ను పిలిసినోడు లేడు, మా ఊరి పేరుతో పిలిసినోడు లేడు. ఇదే నా ఇంటిపేరు."

"తెలుసు నాకు."

"ఏం తెలుసు నీకు? ఊర్లో నా రిపేరు షెడ్డుకు ట్రాక్టరు తీసకొచ్చేవాడు నా కాడికే ఎందుకొస్తాడు? ఆ పక్కన ఇంకా రెండు షెడ్లు ఉండాయి. 'విమానాన్నే బాగు సేస్తాడు, నా ట్రాక్టరు ఒక లెక్కా' అని వస్తాడు. రేపు అదే మనిషి ఏమంటాడు? 'విమానం తీసకపొయ్యినారంట, వీణ్ణి వద్దన్నారంట, ఏం తప్పు సేసినాడో' అంటాడు. అంటాడా అనడా?"

"అనరు. నీ గురించి ఎవురూ ఒక్క మాట అనరు. నేనుండాను గదా."

"నువ్వుండి ఏం సేసినావు? నా గేటు పాసు ఈ నెలతో అయిపోతాది. మళ్ళీ ఇయ్యమని మూడు నెలల ముందరే జాబు రాయాల్సింది నువ్వు. రాసినావా?"

"లే."

"సూడు. మూడు నెలల ముందే అనుకున్నావు నువ్వు. మూడు నెలలుగా నా ఎదురుగ్గా నిలబడి, నేను పోసిన టీ తాగి, 'ఆదిమూలం, ఆదిమూలం' అంటా ఉన్నావు. రొంబ మంచోడివప్పా!"

"మూడు నెలలు కాదు."

"మరెన్ని?"

"వదిలెయ్యి. టైమైతా ఉండాది."

"వదల్ను. ఇంక అన్నా అని కూడా పిలవను. సెప్పండి సారూ. దేవరాజులు సారూ, మీరు సెప్పండి."

"సారనాకు రా."

"మరేమనాల? సొంత తమ్ముడు మాదిరి అని అందరికీ సెప్తా ఉంటివి. తమ్ముణ్ణి ఇట్లనే గేటు బయట పెడతారా సారూ?"

"ఆదిమూలం, నన్ను ఎక్కువ మాట్లాడించాకు."

"మాట్లాడు! అదే గదా అడగతా ఉండేది! నేను తప్పు సేసినానా? సేసింటే సెప్పు. తప్పు సేసింది నువ్వు. కడపలో దిగిన కథ మర్సిపొయ్యినావా?"

"కడప మాట ఇప్పుడెందుకు?"

"ఎందుకా? రెక్కకొకటి, రెండు పెట్రోలు ట్యాంకులు. ఒకటి అయిపోతే పిడి ఇంకో పక్కకు తిప్పాల. ఇంతే గదా? నేర్సుకున్న మొదటి పొద్దే సెప్పుంటారు. మనవరాలిని పక్కన కూసోబెట్టుకోని, ముచ్చట్లు సెప్పుకుంటా పిడి తిప్పేది మర్సిపోతివి. ఇంజను ఆగిపొయ్యింది. దేవుడు సల్లగా సూసినాడు గాబట్టి కడప రన్‌వే దగ్గర్లో ఉన్నింది. లేకుంటే పవిత్ర పాప గతి ఏమి?"

"పాప పేరు ఎత్తాకు."

"ఎత్తుతా! మీ అల్లుడు నిన్ను అందరి ముందర నానా మాటలు అన్నాడంట గదా, కన్ను కనపడని ముసలోనికి విమానమెందుకని. ఆ పొద్దు నాకు కడుపు మండిపొయ్యింది. మా అన్నను అంత మాట అంటాడా అని. ఇప్పుడనిపిస్తా ఉండాది, సరిగ్గానే అన్నాడు! తప్పు నీ సేతిది, వాత నాకా?"

"అయిపొయ్యిందా? అన్నీ అనేసినావా?"

"అయిపోలే. రా, కాణిపాకం పోదాం."

"ఏంది?"

"కాణిపాకం. గంటన్నర తోవ. నీ కార్లోనే పోదాం. కోనేట్లో మునిగి తడిగుడ్డల్తో ఇనాయకుని ముందర నిలబడతా. ఆడ అబద్ధం ప్రమాణం సేసినోణ్ణి ఆ సామి వదలడు గదా. ఈ పద్నాలుగేండ్లల్లో ఈ విమానం కాడ నా సెయ్యి ఒక్క తప్పు సెయ్యలేదని ప్రమాణం సేస్తా. సేసినాక నువ్వు దీన్ని మైసూరుకన్నా తీసకపో, సముద్రంలోకన్నా తీసకపో. నలుగురికీ తెలుస్తాది, ఆదిమూలం కాణిపాకంలో ప్రమాణం సేసినాడని. నా పేరు నాకు మిగులుతాది."

"వద్దు."

"నువ్వు రాకపోతే బస్సెక్కి పోతా. నా పెండ్లాం తాయమ్మను తోడు పెట్టుకోని, ఊరోళ్ళను పిల్సుకోని పోతా."

"వద్దు రా ఆదిమూలం. యాడన్నా చెయ్యి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెయ్యి. ఆడ మాత్రం చెయ్యాకు."

"సేసేది నేను. నీకేమప్పా బయ్యం?"

"నువ్వు చేస్తావనే రా భయం."

"ఏమంటా ఉండావు?"

"బాలచంద్రా, నువ్వు పొయ్యి ఆ కాయితాలు ఆఫీసులో ఇచ్చి రా."

"అవి పొద్దున్నే ఇచ్చేశాను సార్."

"అయితే టీ తాగి రా. నేను పిలిచేదాకా ఉండు ఆడనే. పో."

"ఆయప్పను ఎందుకు పంపిస్తా ఉండావు? ఉండనీ! ఆయప్ప ముందరే సెప్పు, నా తప్పేందో!"

"గట్టిగా అరవాకు. ఎవురికీ తెలీకూడదనే గదా దీన్ని ఇంత దూరం తీసకపోతా ఉండేది."

"ఏం తెలీకూడదు? సెప్పు. సెప్పకపోతే ఇప్పుడే పోతా ఉండా కాణిపాకానికి. ఇదో, పోతా ఉండా!"

"నిలబడు! కడపలో నేను పిడి తిప్పేది మర్చిపోలేదు రా. అది నేను చెప్పిన అబద్ధం. దిగినాక మూత విప్పి చూస్తే, ఇంజన్‌కు గాలి పోయే దారిలో గుడ్డ ఇరుక్కోని ఉండింది. నువ్వు నూనె తుడిచేదానికి ఇంట్లోనుంచి తెచ్చుకుంటావే, తాయమ్మ పాత చీర ముక్క. పసుపు చీర, ఎర్ర అంచు. పాప చూడకముందే తీసి జేబులో పెట్టేసుకున్నా."