గీతకి అవతల అత్తగారు

టైలరు ఇంట్లో నడిమిగది. గచ్చు మీద ఈ గోడనించి ఆ గోడదాకా ఎర్రరంగు గీత. గీతకి ఇవతల మిషను ముందు టైలరు, అవతల స్టూలు మీద, ఒళ్ళో చొక్కాలతో, అతని అత్తగారు, ఇద్దరి నడుమా టేపు పట్టుకుని సర్వేయరు.

"కాలు తియ్యండి సర్వేయరుగారూ. మీ ఎడమకాలు మా అత్తగారి దేశంలో ఉంది."

"ఉండనివ్వండి టైలరుగారూ. నా కాళ్ళకి రెండు దేశాలూ అనుమతిచ్చాయి. ఒక్కో కాలికి ఒక్కో జీతం ఇమ్మంటే మాత్రం నవ్వి ఊరుకున్నాయి."

"నాకేం లెండి. ఆవిడ ఊరుకోరని చెప్పాను."

"నేనేమన్నాను? పని మీద వచ్చిన మనిషి, తిరగనీ. పనీపాటా లేకుండా గీత దాటి వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూసేవాళ్ళని అంటాను గానీ."

"చూశారా. ఆ మాట నాకే."

"నీకని నేనన్నానా అల్లుడూ? తీసుకుంటానంటే తీసుకో."

"అమ్మగారూ, ఆ స్టూలు కొంచెం జరుపుతారా? టేపు గోడదాకా లాగాలి."

"ఎటు జరపను నాయనా? వెనక్కయితే జరుపుతాను. ముందుకయితే లేదు."

"ఒక్క జానెడు ముందుకి."

"జానెడయినా పరాయిదేశం పరాయిదేశమే."

"ఆవిడ జరగరండీ. మా పెళ్ళయిన నాటినించీ అంతే. రోజూ ఆ వీధిలోనించి, ఆ గుమ్మంలోనించి వస్తారు. గీతదాకా వస్తారు. స్టూలు వేసుకుంటారు. వంటిల్లూ, ఆ వసారా ఆవిడ దేశం. ఈ మిషనూ, ఆ పక్క పడకగదీ నా దేశం. నేనూ మా ఆవిడా ఇల్లంతా తిరుగుతాం. అత్తగారు మాత్రం గీత దాటరు."

"అయితే మీ అల్లుడుగారి గది చూడనేలేదా అమ్మగారూ?"

"ఇక్కడికి కనిపించినంత మేర చూశాను. ఆ మూల బూజు కనిపిస్తోంది."

"ఆ బూజు ఇటునించి కనపడదు సర్వేయరుగారూ. అటునించి చూసేవాళ్ళకే కనపడుతుంది."

"సరే, సంగతి వినండి. రెండు దేశాలూ కొత్త ఒప్పందం చేసుకున్నాయి. ఇకమీదట ఇళ్ళ నడుమ సరిహద్దు ఉండకూడదు. సింహద్వారం ఏ దేశం వీధిలోకి తెరుచుకుంటే ఇల్లు మొత్తం ఆ దేశానిది. మీ వరసలో మిగతా ఇళ్ళన్నీ తేలిపోయాయి. మీదొక్కటే మిగిలింది."

"మాదేం పాపం చేసింది?"

"రెండు వీధులకీ రెండు గుమ్మాలు. రెండూ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. రెండింటికీ నంబరు బిళ్ళలున్నాయి. ఏది సింహద్వారమో ఇంటి యజమాని చెప్పాలి. చెప్పింది రాసుకుని నా దారిన నేను పోతాను."

"ఈపాటి దానికి ఇంత టేపు ఎందుకండీ. ముందుగుమ్మం. రాసుకోండి."

"ఏది ముందు? నేను వచ్చే గుమ్మం నాకు ముందు. నీది నాకు పెరటిగుమ్మం."

"అదుగో, మొదలు."

"మొదలేముంది. నాయన అడిగాడు, చెప్పాను. అసలు ఈ గీత ఇంటి నడుమన ఎవరు గీశారు నాయనా? దేశాలకి కొండలు కరువయ్యాయా, ఏర్లు కరువయ్యాయా?"

"ఉన్నచోట ఉన్నాయి అమ్మగారూ. కొండయితే నాకు హాయి. శిఖరం మీద పడ్డ వాన ఎటు జారితే అటు వాళ్ళది. ఏరయితే నడిమిలోతు చూసుకుంటాం. అదీ ఏటికి బుద్ధి తిన్నగా ఉన్నన్నాళ్ళే. ఓ ఏరు ఒక్క వరదకి అటునించి ఇటు ఒత్తిగిలి పడుకుంది. తెల్లారేసరికి ఆ దేశం గేదెలు ఈ దేశంలో మేస్తున్నాయి."

"మరి ఎవరివన్నారు గేదెల్ని?"

"ఇంకా అంటూనే ఉన్నారు. గేదెలు ముసలివైపోయాయి."

"మాకు కొండా లేదు, ఏరూ లేదు."

"లేదు కనకే ఈ తంటా. ఎవరో పెద్దలు ఎక్కడో కుర్చీల్లో కూచుని, పటం మీద రూళ్ళకర్ర పెట్టి సర్రుమని గీశారు. రూళ్ళకర్ర కింద మీ వంటిల్లుందని వాళ్ళకేం తెలుసు? మొన్న చూడండి, ఓ బోడిగుట్ట కోసం రెండు దేశాలూ కొట్టుకున్నంత పని చేశాయి. దాని మీద గడ్డి మొలవదు. జెండాలు మాత్రం మొలిచాయి."

"మా ఇంట్లో ఆ గొడవ రోజూ ఉంది. ఆవిడ స్టూలు చూడండి. ఏటా వేలెడు ఇటు జరుగుతుంది. నేనేదో ఊరుకుంటున్నాను కనక."

"నా స్టూలు గీత దాటిందా? కళ్ళజోడు పెట్టుకుని చూడు."

"గీత దాటిందనలేదు. జరిగిందన్నాను."

"ఒక్క నిమిషం, ఇద్దరూ ఊరుకోండి. కొలుస్తున్నాను... ఇదేమిటి? ఈ ఎర్రగీత ఎవరు వేస్తారు?"

"నేనే. తొక్కుడికి చెరిగిపోతుంది కదా. ఏటా ఓసారి రంగు వేస్తాను."

"అసలు సరిహద్దు ఇక్కడ కాదు టైలరుగారూ. మూరెడు ఆ పక్కన, ఆ పొయ్యిగట్టు అంచున. మీ గీత మీ దేశంలోకి మూరెడు వచ్చేసి ఉంది."

"అలాగా."

"అలాగా ఏమిటండీ? వేసింది మీరే కదా."

"కుంచె జారి ఉంటుంది."

"ఏటా జారిందా?"

"జారిందేమో."

"ఏటా ఒకే వైపు?"

"ఏదో లెండి. మొదట్లో ఆ కిటికీ గీతకి ఇటు ఉండిపోయింది. ఎండాకాలం ఆవిడ పొయ్యి పక్కన కూచుని విసనకర్రతో టపటపా విసురుకునేవారు. ఆ చప్పుడుకి నాకు కుట్టు తప్పేది. అందుకని కిటికీ అటు పడేలా... నా కుట్టు కోసమే."

"చూశావా నాయనా? ఇన్నాళ్ళూ నన్ను ఎక్కడ కూచోబెట్టాడో. నేను గీత దాటలేదు. గీతే లేచి నన్ను దాటింది."

"దేశభూమి ధారపోశారు టైలరుగారూ. నా కాగితాల్లో రాస్తే పెద్ద మాటవుతుంది. రాయను లెండి. ఎలాగూ చెరిపేసే గీత. గుమ్మం సంగతి తేల్చండి."

"కొంచెం ఇలా వంగండి. మెల్లిగా చెబుతాను."

"మెల్లిగా చెప్పినా వినపడుతుంది అల్లుడూ. ఉన్నది గీత, గోడ కాదు."

"సరే, గట్టిగానే అడుగుతాను. ముందుగుమ్మం అంటే ఏమవుతుంది?"

"ఇల్లంతా మీ దేశం. గీతతోబాటు పాత అనుమతులూ పోతాయి. అమ్మగారు ఆ గడప లోపలికి రావాలంటే రాజధానికి పోయి అనుమతి తెచ్చుకోవాలి. వచ్చిన ప్రతిసారీ."

"రెండోది అంటే?"

"ఇల్లంతా అమ్మగారి దేశం. ఇంటితోబాటు మీరూ. ఆ కొట్టు బోర్డు కూడా మార్చి ఆ వీధిలో పెట్టుకోవాలి."

"అంటే మిషను ముందునించి లేవకుండా, కూచున్నచోటే ఇల్లరికం వెళ్ళినట్టు."

"అలా ఎవరూ అనలేదు గానీ, అన్నాక బాగానే ఉంది."

"బాగుంటుందండీ మీకు. ఈ వీధిలో జనం నన్నేమంటారు? జుట్టు నెరిశాక అత్తారింటికి పోయాడు, సామాను కూడా సర్దుకోకుండా పోయాడు, అంటారు."

"మీ ఆవిడ ఏమన్నారు?"

"డ్యూటీకి పోతూ, 'మీ ఇష్టం' అని పోయింది."

"అమ్మో."

"మీకూ పెళ్ళయినట్టుందే."

"అయింది. ఆ మాట నాకూ తెలుసు."

"ముందుగుమ్మమే రాసుకో నాయనా."

"అదేమిటి అమ్మగారూ, ఇందాక మీ గుమ్మమే ముందన్నారు?"

"ఇందాక నోరు ఊరుకోక అన్నాను. ఇప్పుడు ఆలోచించి అంటున్నాను. మొగాడు పుట్టిన దేశం పోగొట్టుకుని అత్తగారి దేశంలో మిషను తొక్కుకోవడం ఏం మర్యాద? అతని గుమ్మమే రాయి."

"మరి మీరు?"

"నాకేం అల్లుడూ. ఆ వీధిలో నా ఇల్లు నాకుంది. అమ్మాయి తీరికున్నప్పుడు వచ్చి చూసిపోతుంది. రాజధానిలో వరసలో నిలబడే ఓపిక నాకు లేదు. రావడం మానేస్తాను."

"మానేస్తారా?"

"మానేస్తాను."

"రోజూనా?"

"మానేయడంలో రోజు విడిచి రోజు ఉంటుందా?"

"మరి ఆ ఒళ్ళో చొక్కాలు?"

"ఈ పూటకి వీటికి కాజాలు కుట్టేసి ఇచ్చి పోతాను. రేపటినించి నువ్వే కుట్టుకో."

"నా కాజాలు మీరు చూశారు కదా. అందులో గుండీ పట్టదు, పట్టిన గుండీ రాదు."

"కాజాలన్నీ అమ్మగారే కుడతారా టైలరుగారూ?"

"అన్నీ ఆవిడే. నేను చొక్కా గీత మీదుగా విసురుతాను, ఆవిడ కాజాలు కుట్టి ఇటు విసురుతారు. దాంతోబాటు ఓ తిట్టు."

"తిట్టు కాదు. కాలరు వంకరగా ఉందన్నాను. వంకరే."

"వంకరే."

"ఒప్పుకున్నాడు. రాసుకో నాయనా."

"నా కాగితంలో దానికి గడి లేదు అమ్మగారూ."

"పోనీలే. కాజాలకి ఇంకెవర్నన్నా పెట్టుకో అల్లుడూ. వీధికొకళ్ళున్నారు."

"పెట్టుకుంటాను. ఎందుకు పెట్టుకోను? నోరు మూసుకుని వచ్చి, నోరు మూసుకుని కుట్టి పోతారు. కాలరు వంకరుంటే నాకెందుకులే అనుకుంటారు. జనం వంకర కాలర్లు వేసుకుని పెళ్ళిళ్ళకి పోతారు. నేను ఇక్కడ కూచుని మిషను తొక్కుతూ, మాట్లాడదామని తలెత్తితే అక్కడ కిటికీ ఉంటుంది. కిటికీ బానే ఉంటుంది. గాలి కూడా బానే వస్తుంది."





"సూదిలో దారం పోవడం లేదు అల్లుడూ. ఉండు."

"సర్వేయరుగారూ, రాసుకోండి. ఆ గుమ్మం."

"ఏ గుమ్మం? 'ఆ' అంటే కుదరదు, తేటగా చెప్పాలి."

"ఆవిడ వచ్చే గుమ్మం. అదే సింహద్వారం. మా ఇల్లు ఆ వీధిది."

"అల్లుడూ, విసురుగా అనకు."

"విసురేం లేదు. మామూలుగానే అంటున్నాను."

"ఇల్లరికం అంటారు."

"అననివ్వండి. అన్నవాడి చొక్కాకి కాజాలు కుట్టకండి, చాలు."

"టైలరుగారూ, ఒకసారి రాశానంటే మళ్ళీ మార్చడం రెండు ప్రభుత్వాల వల్లా కాదు. మీ ఆవిడ వచ్చేదాకా ఆగనా?"

"వద్దు. ఆవిడ వస్తే మళ్ళీ 'మీ ఇష్టం' అంటుంది. రాయండి."

"రాశాను. ఇదుగో, ఇక్కడ సంతకం. ఇక్కడ కూడా. అయిపోయింది. అమ్మగారూ, ఇక ఇల్లంతా మీ దేశమే. లేవండి, అల్లుడుగారి గది చూద్దురు గాని."

"ఇప్పుడెందుకు నాయనా. చూస్తాలే."

"రండి అత్తగారూ. బూజు దగ్గిరినించి చూద్దురు. మొహమాటమేమిటి?"

"మొహమాటం కాదు. ఈ కాజా సగంలో ఉంది."

"కాజా ఎక్కడికీ పోదు. పెళ్ళినాటినించీ చీటీ లేక ఆ స్టూలుకే అతుక్కుపోయారు. ఇవాళన్నా కాళ్ళు చాపుకుని ఇటు నడవండి."

"చీటీ ఏమిటి టైలరుగారూ?"

"అదే, గీత దాటే చీటీ. ఇంట్లోవాళ్ళకే ఇచ్చారు కదా. చుట్టాలకి లేదు."

"మొదట్లో లేదు. ఆలుమగల కన్నవాళ్ళు ఏ చీటీ లేకుండా ఇల్లంతా తిరగొచ్చని ఉత్తర్వు వచ్చి ఎన్నేళ్ళయిందో. అమ్మగారు మోకాళ్ళ నొప్పులకి లేవడం లేదనుకున్నాను నేను."

"మాకెవరూ చెప్పలేదే."

"చెప్పకపోవడమేమిటి? ఇంటింటికీ మనిషి తిరిగి చెప్పాడు. ఏదో ఓ గుమ్మంలో నిలబడి చెప్పే ఉంటాడు."

"నేను పొద్దస్తమానం ఇక్కడే ఉంటాను కదండీ. అత్తగారూ, మీకెవరన్నా చెప్పారా? అత్తగారూ, మిమ్మల్నే."

"వినపడుతోందిలే. చెప్పాడు. నా గుమ్మానికే వచ్చాడు. మీ పెళ్ళయిన కొత్త. నువ్వూ అమ్మాయీ వంటింట్లో గొంతులు చించుకునేవాళ్ళు, నువ్వు విసవిసా పోయి ఆ గదిలో కూచుని చల్లారి వచ్చేవాడివి. అక్కడిక్కూడా అత్తగారు వచ్చేస్తే ఇంక మొగాడు ఇల్లొదిలి వీధిలోకే పోతాడని, నాకు తెలియనట్టే ఉండిపోయాను."