మన రక్తం కోసం ఎగబడ్డ ఏడు దేశాలు

రక్తం తీసే గది బయట బెంచీ మీద ఫ్రిజ్ మెకానిక్, పక్కన అతని మేనకోడలు. ఆ పిల్లకి చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. మందు మొదలుపెట్టాలంటే తల్లి వైపు వాళ్లందరి రక్తం పరీక్షించాలన్నారు పరిశోధన డాక్టర్లు. ఒక్కరిది తప్ప అందరి రక్తమూ అందింది. ఎదురుగా అంబులెన్సు డ్రైవరు ఖాళీగా దొరికేసరికి మెకానిక్ కబుర్లు మొదలుపెట్టాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు తమ్ముడూ. ఇక్కడే, రక్తం దాచే ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడితే సైకిల్ ట్యూబు కోసి అంటించాను, అంతే. సరిగ్గా అప్పుడే విదేశాల నుంచి ఎనిమిది మంది శాస్త్రవేత్తలు దిగారు, పరిశోధన ఏ దేశంలో పెట్టాలా అని తిరుగుతున్నారు పాపం. 'మీ దేశంలో ఏముందయ్యా?' అన్నారు నాతో. ఏముందా! మీ దగ్గర ఒక మనిషి రక్తం కావాలంటే ఆర్నెల్లు ఉత్తరాలు రాయాలి, మా దగ్గర ఒక్క తలుపు తడితే ముత్తాత నుంచి మునిమనవడి దాకా వరసలో నిలబడతారన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిలబడ్డారా?"

"గేటు దగ్గర ఒక్క కేకేశాను. సాయంత్రానికి నలభై వేల మంది! ఎప్పుడో తప్పిపోయిన తమ్ముళ్లు కూడా ఆ వరసలోనే దొరికారు కొందరికి. లేని రోగం లేదు, ఒక్కొక్కరికి రెండేసి. 'ఇంత సంపదా!' అని శాస్త్రవేత్తలకి కళ్లనీళ్లు తిరిగాయి."

"అన్ని సీసాలూ ఒక్క ఫ్రిజ్‌లో పట్టాయా అన్నా?"

"రబ్బరు వేసిందెవరు? పట్టగా మిగిలిన చోట నా టిఫిన్ డబ్బా కూడా పెట్టుకున్నాను. చివర్న నా రక్తం తీశారు, వద్దంటే వినరే! ఒక్క చుక్క భూతద్దం కింద పెట్టారో లేదో, పక్క సీసాల్లో రోగాలన్నీ మూటాముల్లె సర్దుకుని పోయాయి. ఇక చూస్కో, ఏడు దేశాలు ఎగబడ్డాయి. ఒక దేశం వాళ్లయితే మా దేశం మూసేసి ఇక్కడికే వచ్చేస్తామన్నారు. పొద్దున లీటరు, సాయంత్రం లీటరు ఇచ్చాను. ఒంట్లో సూది గుచ్చని చోటు లేదనుకో."

"మావయ్యా," అంది మేనకోడలు. "పదిహేను మంది ఇచ్చారు. నీ సీసా ఒక్కటే ఖాళీ. మూడుసార్లు టీ తాగొస్తానని చెప్పి ఇంటికెళ్లిపోయావు. నీది లేకపోతే మందు మొదలుపెట్టరట. నిన్న ఎదురుగా నిలబడ్డ అమ్మ మొహం కూడా నాకు ఆనలేదు."

మావయ్య చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"సూదంటే నాకు చచ్చేంత భయమే," అన్నాడు.

డ్రైవరు లేచాడు. "ఇందాకట్నుంచి నువ్వు చెప్పినవాటిలో నేను నమ్మింది ఇదొక్కటే అన్నా. పద, చెయ్యి నేను పట్టుకుంటా."