సాలువా పెట్టె తాళం

ఝపటాపూర్‌లో, తెలుగువాళ్లకీ నేపాలీలకీ రాజీ కుదిర్చే మైత్రీ సమితి ఆఫీసు, మధ్యాహ్నం. మాట్లాడుకుంటున్నది సమితి నడిపే ఆవిడ సూసన్న, రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్ నూకరాజు.

“తాళం ఇయ్యి, నూకరాజు.”

“కూకో అక్కా. ముందు కూకో. టీ సెప్పనా?”

“టీ వద్దు. సాలువా నేపాలీవాళ్ల పెట్టె తాళం ఇయ్యి.”

“శామ్‌కి ఎలగుంది?”

“దవడ ముక్కలైపోయింది. వైరుతో కట్టినారు. ఎడమ కన్ను ఇంక రాదంట. కుడిచేతి వేళ్లు చూసినావా? రోట్లో పెట్టి దంచినట్టున్నాయి. ఒక్కగానొక్క కొడుకు నాకు. తాళం ఇయ్యి.”

“మాటాడతన్నాడా? ఏటైనా సెప్పినాడా?”

“దవడ కట్టీసినాక ఏటి చెప్తాడు? మత్తులోనే ఉన్నాడు.”

“అలగైతే ఎవుళు కొట్టినారో నీకెలగ తెలుసక్కా?”

“సాలువా రోడ్డులో, నేపాలీ బస్తీ ముందర పడున్నాడు. ఇంకెవరు కొడతారు? ఇరవై ఏళ్లుగా వాళ్ల గుమ్మాలెక్కి దిగినాను. మీ కుర్రోళ్లు వాళ్లని చింకీలు, చిన్నకళ్లోళ్లు అని వెక్కిరిస్తే మీ కుర్రోళ్ల చెంపలు వాయించినాను. నా కొడుకుని మాత్రం కుక్కని కొట్టినట్టు కొట్టినారు.”

“ఈ పెట్టెలు పెట్టించింది నువ్వే గదా. అప్పట్లో మనకీ ఆళ్లకీ అయిన గొడవలో మా తోడల్లుడు పేగులు సేత్తో పట్టుకుని తాల్‌బగీచా దాకా పరిగెత్తి పడిపోయినాడు. శవం ఇంట్లో ఉండగానే నువ్వొచ్చినావు. మన రాడ్లూ కత్తులూ ఒక పెట్టెలో, ఆళ్ల కుక్రీ కత్తులు ఇంకో పెట్టెలో ఏయించినావు. మన పెట్టె తాళం ఆళ్ల పెద్ద థాపా దగ్గిర, ఆళ్ల పెట్టె తాళం నా దగ్గిర. అవతలోడు మనసారా ఇస్తేనే పెట్టె తెరుసుకోవాల అన్నావు.”

“అన్నాను. అప్పుడు చచ్చింది నీ తోడల్లుడు. నా కొడుకు కాదు.”

“ఆ మాట అనకక్కా.”

“అంటాను. ఎన్ని ఇళ్లలో శవాల పక్కన కూర్చుని శాంతి, శాంతి అన్నానో తల్చుకుంటే నాలిక కోసుకోవాలనుంది. వాళ్ల కుక్రీలతోనే వాళ్లని నరకాలి. మీ కుర్రోళ్లని పిలు. నీ కొడుకు హరిబాబుని పిలు. వాడు ముందు నడిస్తే మిగతావాళ్లు వెనక వస్తారు.”

“హరిబాబా.”

“ఏం, వాడికి భయమా?”

“భయం కాదు. భయం కాదులే. నిన్న థాపా ఆస్పత్రికొచ్చినాడంట గదా.”

“వచ్చినాడు. దీదీ, సునో, దీదీ, అంటూ చేతులు జోడించినాడు. టిఫిన్ క్యారేజీ తీసి మొహం మీద కొట్టినాను. నుదురు పగిలింది. రక్తం కళ్లలోకి కారుతున్నా అలాగే నిలబడినాడు ముసలోడు. ఇంకోటి కొట్టినాను. వార్డుబాయ్ పట్టుకోకపోతే అక్కడే చంపీసుందును.”

“ఏటి సెప్పడానికొచ్చినాడో ఇన్నేదా?”

“వాడి దగ్గర వినేదేటి?”

“ఇనాల్సిందక్కా. అవతలోడి మాట అయ్యేదాక ఇవతలోడు నోరెత్తకూడదని ఈ గదిలో మమ్మల్నందర్నీ కూకోబెట్టి...”

“నాకు పాఠం చెప్పకు. తాళం తెచ్చినావా, లేదా?”

“తెచ్చినాను. జోబీలోనే ఉంది. ఒక్క నిమిషం ఆగు. అయినా సైకిలు చైను దెబ్బ ఎముక దాకా దిగిపోద్ది. పెద్ద డాక్టరుకి ఒకసారి...”

“ఏటన్నావు?”

“ఏటీ నేదు.”

“చైనన్నావు.”

“నోరు జారింది.”

“నేను లాఠీలనుకున్నాను. పోలీసులు కూడా లాఠీలే అన్నారు. చైనని నీకెవరు చెప్పినారు?”

“కూకో అక్కా.”

“కూర్చోను. నా మొహం చూసి చెప్పు.”

“శామ్ అక్కడ టీ తాగతన్నాడు. థాపా మనవడూ ఉన్నాడు. కుర్రోళ్లు నలుగురు బైకుల మీదొచ్చి ఆ గుంటడిని చింకీ అన్నారు, మోమో అన్నారు. ఆడు తిరిగి ఓ మాటన్నాడు. అంతే. చైనులు తీసినారు. కింద పడీసి బూట్లతో తొక్కినారు. టీ కొట్టోడు సగం కాగిన పాలు ఒగ్గీసి పారిపోయినాడు. శామ్ ఎల్లి ఆ గుంటడి మీద బోర్లా పడిపోయినాడు. కొడితే నన్ను కొట్టండి అన్నాడంట.”

“ఎవరు కుర్రోళ్లు?”

“మనోళ్లే.”

“మనవాళ్లా?”

“మనోడివై ఉండి ఆళ్లకి అడ్డమొస్తావా అని మరీ కొట్టినారు. జుట్టు పట్టి లేవదీసి దవడ మీద తన్నినారు. ఆ గుంటడి తల మీదనుంచి సెయ్యి తియ్యనేదని ఏళ్ల మీద బండరాయి ఏసినారు. అప్పుడు కూడా తియ్యనేదంట అక్కా. కింద ఉన్నోడు బతికినాడు. ఆడే శామ్‌ని ఈపు మీదేసుకుని రోడ్డు దాకా మోసినాడు. థాపా నీకు దండం పెట్టి ఆ మాట సెప్పడానికే వొచ్చినాడు.”

“రెండుసార్లు కొట్టినాను నేను. ఆయన్ని.”

“తెలుసు.”

“ఇదంతా నువ్వు చూసినావా?”

“నేదు. కొట్టినోడే సెప్పినాడు. సెప్పేదాక నాను బెల్టుతో బాదినాను.”

“ఎవరు?”

“ఉండక్కా, తాళం తియ్యనీ.”

“ఎవరు, నూకరాజు?”

“ఇదిగో తాళం, పట్టుకో. కుక్రీలు ఆ మూల పెట్టెలోనే ఉన్నాయి. సాలువా దాకా ఎల్లక్కర్నేదు. హరిబాబుని సేతులు కట్టి తెచ్చినాను, కింద టోటో రిక్షాలో కూకున్నాడు.”