టెంక బొగ్గు పంచనామా

గోదావరిఖనిలో లస్మవ్వ ఇస్త్రీ దుకాణం. పందొమ్మిది వందల డెబ్బై రెండు, వానలు మొదలైన కొత్త. దొంగను పట్టేశానన్న సంబరంతో ఊగిపోతున్నాడు వాచ్‌మన్ల జమేదారు లింగమూర్తి. రిపోర్టు రాయడానికి అతను వెంటబెట్టుకొచ్చిన ఆఫీసు గుమాస్తా జ్ఞానయ్య తాపీగా కలం విప్పుకుంటున్నాడు.

“ఊకె నవ్వకు లస్మవ్వా! ఇస్త్రీ పెట్టెల ఉన్నదేంది? బొగ్గు కాదా?”

“బొగ్గే లింగమూర్తన్నా. బొగ్గు లేంది ఇస్త్రీ ఎట్లయితది?”

“ఇన్నరా జ్ఞానయ్య సారూ? ఒప్పుకున్నది! నాకచ్చిన చీటి ఉత్తగ పోలే. రాయుండ్రి. ఇంటి పొయ్యికని కంపెనీ ఇచ్చిన బొగ్గు దుకాణంల కాలుస్తున్నది. మొగడు సదయ్య, రెండో నంబరు బొగ్గుబాయి. రేపటిసంది డ్యూటీ బంద్.”

“అయ్యో, సదయ్య డ్యూటీ జోలికెందుకు పోతవన్నా? ఇంటిల్లిపాది బతికేది దాని మీదనే. ఇది కంపెనీ బొగ్గు కాదు. మామిడి టెంకల బొగ్గు.”

“ఏంటియి?”

“మామిడి టెంకలు. చీకి పారేస్తం సూడు, అయ్యే.”

“సారూ, నన్ను పిచ్చోన్ని చేస్తున్నది! బొగ్గుబాయి పక్కన కూసోని టెంకలు కాలుస్తదట!”

“బాయి బొగ్గు పెట్టెల వేస్తే పొగ లేస్తది. నీ తెల్లంగీ నల్లగయితది. నేను టెంకలు ఎండవెట్టి, కుండల కూరి, మూకుడు బోర్లేసి మట్టి మెత్తుత. సన్న బెజ్జం ఒక్కటి ఇడుస్త. దాంట్లకెల్లి పొగ బందయ్యేదాక పొయ్యి మీద కాలాలె. సల్లారినంక తీస్తే బొగ్గు.”

“కతలు!”

“ఆగు లింగమూర్తీ. నేను ఉన్నదే రాస్త. లస్మవ్వా, బకీట్ల నీళ్లున్నయా? రెండు ముక్కలెయ్యి.”

“ఇగో సారూ.”

“తేలుతున్నయ్. బాయి బొగ్గయితే మునుగుతుండె. ‘తేలినవి’... రాసిన.”

“తేలితే ఏంది సారూ? కట్టె బొగ్గు గుడ తేలుతది. అడివిల కట్టె కొట్టింది! అది ఇంకో కేసు!”

“అయితే గీ కుండ మూత నువ్వే పగలగొట్టు లింగమూర్తన్నా. నిన్న కాల్చిందే.”

“పగలగొడుత, నాకేం భయమా? ఓయ్...”

“ఏమున్నది లింగమూర్తీ?”

“నల్లగున్నయ్ గని సారూ... టెంకలే.”

“‘టెంకలే’... రాసిన.”

“మా సదయ్య పేరు కొట్టెయ్యున్రి సారూ.”

“ఆగు, ఆగు! రెండు గంపల టెంకలు యాడియి నీకు? ఇన్ని పండ్లు నువ్వే తిన్నవా?”

“పోనియ్యన్నా. యాడియైతేంది? ఒక్కటి ఖరాబు చెయ్యలే. టెంకల లోపటి జీడి ఎండవెట్టి పొడి గొట్టిన. బొగ్గు నూకతోని పండ్లపొడి చేసిన. నీ పండ్లు గంత తెల్లగ ఎట్ల మెరుస్తున్నయనుకున్నవ్? నీ పెండ్లాం సారవ్వ నా దగ్గరనే తీస్కపోతది.”

“నా పండ్ల ముచ్చట రాయకుండ్రి సారూ!”

“రాసిన.”

“జీడిపొడి గుడ మీ ఇంటికే పోయింది. ఎండకాలంల మూడు దినాలు నువ్వు చెంబు కింద పెట్టలే గద? అది సల్లల కలిపి తాగితెనే కట్టింది.”

“మాట తప్పియ్యకు! టెంకలు యాడియో చెప్పు. చెప్పకుంటే అంత అబద్ధమే!”

“చెప్తే నీకే మంచిగుండదన్నా.”

“నాకేం ఫికర్? గట్టిగ చెప్పు. సారూ, ఒక్క మాట పోకుండ రాయుండ్రి!”

“రాయమన్నది నువ్వే మరి. మీ ఇంటెనుక గుంతలకెల్లి ఏరుకచ్చిన.”

“నా... నా ఇంటెనుకనా?”

“ఒక టెంక గిట్లియ్యి లస్మవ్వా. అబ్బో, అరచెయ్యంత ఉన్నది. గింత టెంక ఖని మొత్తంల ఒక్క చెట్టుకే, లింగమూర్తీ. మేనేజరు సాబు బంగ్లాల చెట్టుకు.”

“గాలికి రాలినయి సారూ... రెండో, మూడో...”

“రెండు గంపలని ఇప్పుడు నువ్వే అంటివి. ఆ పండ్లు తెంపిండనే గద మొగిలిని తోటమాలి పనిలకెల్లి ఎల్లగొట్టిండ్రు? కండ్లార సూసిన్నని సాక్షి చెప్పింది నువ్వే.”

“మొగిలి నా తమ్ముడు, లింగమూర్తన్నా. మతికున్నదా? రెండు నెలల సంది మా ఇంట్ల తలకాయ దించుకొని కూసున్నడు. కనవడ్డోళ్లంత దొంగ దొంగ అంటుంటే వానికి బువ్వ దిగుతలేదు. నా కడుపు మండదా?”

“సారూ, మీకు దండం పెడుత, ఆ కాయితం చింపుండ్రి. లస్మవ్వా, నీ దుకాణం దిక్కు మల్ల కన్నెత్తి సూడ. నేను మంచిగనే ఉంటి! ‘ఇస్త్రీ దుకాణంల ఏం కాలుతున్నదో జల్ది పోయి సూడు’ అని చీటి రాసి నా గదిల పారేసిండు ఎవడో. వాడు దొరకాలె, వాని సంగతి చెప్త!”

“ఎతుకుడెందుకన్నా? చెప్పింది నేను, రాసింది జ్ఞానయ్య సారు. ఇగ సంతకం పెట్టు.”