మెట్టున్నర దిగిన గొంతు

హలో… సిస్టర్ ఒరీలియా గారేనా?… ఆ, నేనే. డీకన్ ఎజ్రాని.

… పెట్టెయ్యకండి. దయచేసి. ఒక్క మాట వినండి, ఆ తరువాత మీ ఇష్టం.

… కాదు, ఇది పాస్టరుగారు చేయమన్న ఫోన్ కాదు. ఆయనకు ఇంకా చెప్పనే లేదు. ముందు మీకు చెప్పి, పిమ్మట ఆయనకు చెప్పాలని…

… పొయ్యి మీద ఏముంది?… బెండకాయా, రొయ్యలూనా. అయితే మంట తగ్గించి రండి. నేనుంటాను.

…

… ఆ, ఉన్నాను. సిస్టర్, చర్చి హాల్లో మీ పాట రికార్డు చేశాం కదా. ఆ మరునాడు మీ ఇంటి వరండాలో కూర్చుని నేనొక మాట అన్నాను…

… అవును. అదే మాట. అక్షరం పొల్లుపోకుండా మీకు గుర్తుంటుందని నాకు తెలుసు.

… అన్నాను. "పాత టేపు పక్కన పెట్టి పియానో మీద చూశాను సిస్టర్, మీ గొంతు మెట్టున్నర దిగింది, వయసు మీదపడింది, చర్చి వార్షికోత్సవం నాడు తొలికీర్తన ఇంకెవరైనా ఎత్తుకుంటే మేలు" అన్నాను. అని, మీరు పెట్టిన చిలగడదుంప కేకు రెండు ముక్కలు తిని మరీ వచ్చాను.

… ఆ మాట తప్పు.

… లేదు లేదు, మర్యాద తప్పిందని కాదు. మాటే తప్పు. మీ గొంతు దిగలేదు. వెంట్రుకవాసి కూడా దిగలేదు. దిగింది నా కంప్యూటరులో.

… చెబుతాను. హాల్లో మీ ముందు ఒక పలక లాంటిది పెట్టాను చూడండి, టాబ్లెట్… ఆ, కానుకల పళ్లెం అనుకుని మీరు డాలరు వేయబోయారే, అదే. అది మీ పాట విని, తీగ గుండా కంప్యూటరుకు పంపుతుంది. సెకను పాటను నలభై ఎనిమిది వేల ముక్కలుగా తరిగి పంపుతుంది. ఆ తీగ మీద దానికి వేరే లెక్క రాదు. అది దాని హద్దు. నేనేమో, సెకనుకు నలభై నాలుగు వేల నూరు ముక్కలే తీసుకోమని కంప్యూటరుకు చెప్పి కూర్చున్నాను. సీడీకి ఆ లెక్కే కావాలి కనుక.

… అదే కదా. మిగిలిన ముక్కలు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. పక్క సెకనులోకి జరుగుతాయి. పాట సాగుతుంది. అలా సాగితే గొంతు బరువెక్కి కిందికి దిగుతుంది.

… ఆ! సరిగ్గా అంతే. మీ నాన్నగారి రికార్డు ప్లేయరును మీ తమ్ముడూ నేనూ వేలు పెట్టి మెల్లగా తిప్పితే, పాడే ఆడమనిషి మగవాడైపోయేది. అదే ఇది.

… నా చెవి మెలిపెట్టారు కదూ అప్పుడు. ఇప్పుడూ మెలిపెట్టవలసిందే.

… ఎలా తెలిసిందంటే… మీ బదులు పాడడానికి మా జానెల్‌ను ఒప్పించాను కదా.

… అవును, మా అన్న కూతురే. ఆ ఎత్తిపొడుపుకు నేను తగినవాణ్ణే, కాదనను. నిన్న దాని పాట కూడా అదే పద్ధతిలో రికార్డు చేశాను. విని, "బాబాయ్, ఇది నా గొంతు కాదు, ఎవరో అరవై ఏళ్లావిడ" అంది. పాతికేళ్ల పిల్లకు ఒక్కపూటలో వయసు రాదు కదా సిస్టర్. అప్పుడు పోయి లెక్కలు చూశాను.

… ముందే తెలిసే దారి లేదా అనా?

… ఉంది. ఆ రోజే ఉంది. రెండు లెక్కలూ కలవడం లేదని తెర మీద చిన్న పసుపు అక్షరాలు వచ్చాయి. సరే అని నొక్కి పంపేశాను. మీరు అంతసేపు నిలబడి ఉన్నారని తొందర…

… కాదు. మీ మీదికి నెట్టడం లేదు. తొందర నాదే.

… ఏమిటి?… ఆ రికార్డులో మీ పాట తప్ప ఇంకేమీ వినబడలేదా అంటారా?

… అది అడుగుతారనే నా భయం.

… వినబడింది. మీ పాట ముగిశాక నేను ఆమేన్ అన్నాను కదా. అదీ అందులో పడింది. అదీ మెట్టున్నర దిగింది. ఎంత గంభీరంగా ఉందనుకున్నారు! కొండగుహలోంచి వచ్చినట్టుంది. వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ విన్నాను. మా ఆవిడ లోరెట్టాను వంటింట్లోంచి పిలిచి మరీ వినిపించాను.

… నవ్వండి. నవ్వవలసిందే.

… ఏమనుకున్నానా? ప్రభువు వృద్ధాప్యంలో నా కంఠానికి ఘనత ఇచ్చాడనుకున్నాను. మీ గొంతు దిగితే ముసలితనం, నా గొంతు దిగితే దీవెన! వచ్చింది ఒకే తీగ గుండా, ఒకే పూట. ఆ సంగతి నాకు తట్టలేదు… లేదు, అబద్ధం వద్దు. తట్టబోయింది. తట్టనివ్వలేదు. అందుకే సిస్టర్, తప్పు ఆ టాబ్లెట్‌దని చెప్పుకోలేను. అది తన హద్దు తాను చెప్పుకుంది. మీ మీద అబద్ధసాక్ష్యం పలికింది నేను.

… క్షమించమని అడగడానికే ఫోన్ చేశాను. కాని అంతకన్నా ముందు ఈ ఆదివారం వార్షికోత్సవం సంగతి. జానెల్ పాడనంటోంది. "అది సిస్టర్ ఒరీలియా నిలబడే చోటు, నేను నిలబడను" అంటోంది. మీరు వచ్చి…

… ఎందుకు రాలేరు?

… గొంతుకేమైంది? మొదటినుంచీ బొంగురుగానే వినబడుతోంది, జలుబు చేసిందేమో అనుకున్నాను…

… సాధన చేశారా?

… పైకా?… మెట్టున్నర దిగిందని నేనన్నాను కనుక, అంత పైకి ఎత్తుకుని…

… రోజూనా?

… ఓ ప్రభువా.

… లేదు, ఉన్నాను. ఉన్నాను… లోరెట్టా, ఏమీ లేదు, నువ్వు వెళ్లి కూర్చో.

… మరి డాక్టరు ఏమన్నాడు?… గొంతు నరాలు వాచాయా. నెట్టకుండా, మెల్లగా పాడుకుంటే ఫరవాలేదన్నాడా? హమ్మయ్య. అయితే ఆదివారానికి…

… మళ్లీ చెప్పండి.

… ఎక్కడ ఎత్తుకోవాలో తెలియడం లేదా.

… అవును. పియానో లేని పాట. మీ అమ్మగారు ఎత్తుకున్న చోటే మీరూ ఎత్తుకునేవారు. ఎవరూ శ్రుతి ఇచ్చేవారు కారు, ఎక్కడా రాసి ఉండేది కాదు. మీరు నోరు తెరిస్తే అదే వచ్చేది, మేమంతా వెనకనుంచి అందుకునేవాళ్లం. ఇప్పుడు నోరు తెరిస్తే…

… పాటకన్నా ముందు, గొంతు దిగిందన్న నా మాటే వినబడుతోందా.

… అనండి. ఇంకా అనండి. వింటున్నాను.

…

… సిస్టర్, పాత టేపు నా దగ్గరే ఉంది. ఆ చోటు పియానో మీద వెతికి ఇప్పుడే ఫోనులో వినిపిస్తాను. ఒక్క నిమిషం ఆగితే…

… వద్దా.

… నిజమే. నా చెవిని నమ్మబట్టే కదా మీకీ గతి. వద్దు. పియానో ముట్టుకోను.

… ఆదివారం నాడా? నిలబడి?… చెబుతాను. సంఘమంతటి ముందూ చెబుతాను. నాతో కూర్చుని ఆ రికార్డు విని తలలు ఊపినవారి పేర్లు ఎత్తను, నా పేరే చెప్పుకుంటాను.

… ఆమేన్ సంగతి కూడానా?

… సిస్టర్, కుర్రకారు నన్ను బతకనివ్వరు…

… సరే. అదీ చెబుతాను.

… మరి మీరు వస్తారా?… "చూస్తాను" అంటే… సరే, సరే. అడగను. వచ్చి ఊరకే కూర్చున్నా చాలు.

… ఏమైంది?… మాడు వాసనా! అయ్యో, వెళ్లండి, వెళ్లండి. రొయ్యలు కూడా నా వల్లే పోయాయి. ఉంటాను మరి…

…

హలో?… సిస్టర్?… ఫోను కట్టలేదు మీరు. బల్ల మీదే వదిలేసినట్టున్నారు. గిన్నె కడుగుతున్న చప్పుడు… సిస్టర్ ఒరీలియా!

…

లోరెట్టా, ఆ టీవీ ఆపు.

… ష్. ఆవిడే. పాడుతోంది… పాడడం కాదు. ఎత్తుకుంటోంది. మొదటి మాట ఒక్కటే… ఆపింది.

… మళ్లీ. ఈసారి ఇంకాస్త కిందినుంచి… ఆపింది.

… స్పీకర్లో పెట్టను.

… పెట్టనన్నానా. మనం వింటున్నామని ఆవిడకు తెలియదు.

… ఆ చోటేనా అని నన్నడుగుతావేం? అది ఆవిడకు తెలియాలి లోరెట్టా. నేను చెప్పింది చాలు.

… ఇదుగో, మళ్లీ ఎత్తుకుంటోంది…

… లేదు. ఇక వినను. కట్టేస్తున్నాను.